వసారా చివర అద్దం

కుర్చీలోంచి లేవాలంటే ముహూర్తం చూసుకునే రకాన్ని నేను. కాబట్టి జువ్వలపాడు దొర జగ్గభూపతిని నేనేమీ అనలేను. పక్షవాతం వచ్చి తగ్గినా ఒక కాలు సరిగ్గా ఆడక ఆయన పొద్దస్తమానం వసారాలో పడకకుర్చీలోనే ఉండేవాడు. "అప్పుడప్పుడూ లేచి నడవకపోతే ఆ కాలు పూర్తిగా చచ్చుబడుతుంది" అన్న వైద్యుణ్ణి ఊరు దాటించాడు. లేవమన్న ప్రతివాడికీ అదే శిక్ష అని చాటింపు కూడా వేయించాడు.

మర్నాడు మంగలి ముత్యాలు వచ్చి, వసారా ఆ చివర గోడకు అద్దం బిగించాడు. దొరకు మీసమంటే ప్రాణం.

"మీసం కుడివైపు కాస్త కిందికుంది దొరా."

"అద్దం ఇలా తేరా!"

"ఊడదీస్తే పగులుతుంది దొరా. ఇంటికి అరిష్టం."

దొర తిట్టుకుంటూ కర్ర అందుకుని లేచాడు. ముత్యాలు పక్కనే నడిచాడు. తిరిగొచ్చి కూర్చున్నాక రెండు వెంట్రుకలు కత్తిరించి నూనె రాశాడు.

"నూనె పట్టాక మళ్ళీ చూసుకోండి."

సాయంత్రానికి ఏడుసార్లయింది.

"ఒక్క మీసానికి ఏడుసార్లు తిప్పుతావురా? నిన్నూ ఊరు దాటించాలి!"

"లేవమని నేనెప్పుడన్నాను దొరా? మీసం మొదటిసారికే సరిపోయింది. మిగతా ఆరూ కాలికి."

దొర కాసేపు కాలివంక చూసుకున్నాడు. తర్వాత కర్ర అందుకుంటూ అన్నాడు:

"ఎడమవైపు కూడా కిందికుందేమో చూడరా."