స్తంభం వెనక పిడికిలి

చీరాలలో ఫొటోలు తీసే దేవదానం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా ముందు చేతిలో ఉన్న లెన్సు తుడుచుకుంటారు. జవాబు ఆ పూటే వస్తుందని నమ్మకం లేదు.

శిష్యుడు ఓంకార్ ఒకనాడు ఆయన ముందు నిలబడి, "మాస్టారూ, ఈ కెమెరా అమ్మేసి అందరూ వాడే కంపెనీది కొనుక్కోమంటారా?" అని అడిగాడు. గురుశిష్యులిద్దరిదీ ఒకటే కంపెనీ. దాని పేరు చెబితే పెళ్ళివారు "అదేం కంపెనీ?" అని మొహం చూస్తారు. మాస్టారు ముప్పై ఏళ్ళుగా కూడబెట్టుకున్న లెన్సులు దానికే సరిపోతాయి గనుక ఓంకార్ కూడా అదే పట్టాడు. ఇప్పుడు గుంటూరు స్టూడియో ఒకటి అతణ్ణి తమ బృందంలో చేర్చుకుంటామంది. కెమెరా మార్చాలన్నది షరతు. ఆదివారంలోగా మాట చెప్పాలి. కెమెరా మారితే మాస్టారి లెన్సులు మాస్టారికి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ మాట అనబోయి కుర్రవాడు కెమెరా పట్టీ సర్దుకున్నాడు.

మాస్టారు లెన్సు తుడవడం ముగించి, "బుధవారం కోటేశ్వరమ్మ కూతురి పెళ్ళి. నువ్వూ రా" అన్నారు.

కోటేశ్వరమ్మ మాస్టారి పక్కింటావిడ. మగ్గం నేసి కూతుర్ని చదివించిన మనిషి. పెళ్ళి ఫొటోల పని మగపెళ్ళివారు ఆ గుంటూరు స్టూడియోకే అప్పగించారు. తమ వైపు జ్ఞాపకానికి నాలుగు ఫొటోలు తియ్యమని ఆవిడ మాస్టారిని అడిగింది.

ముహూర్తం వేళకి స్టూడియో వాళ్ళు నలుగురూ మండపం ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఒకరి బ్యాటరీ ఒకరు, ఒకరి లెన్సు ఒకరు అందుకుంటున్నారు. ఓంకార్ వాళ్ళ పక్కన చేరబోతే వాళ్ళలో పెద్దవాడు, "తమ్ముడూ, నీ కెమెరా రంగులు మా ఆల్బంలో కలవవు. అడ్డం తప్పుకో" అని భుజం పట్టి పక్కకి నెట్టాడు. పదిమందిలో జరిగిన ఆ అవమానానికి ఓంకార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాలు చివర స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాడు. మాస్టారు ఓదార్చలేదు సరికదా, అటు చూడనైనా లేదు.

ఆ స్తంభం వెనకే కోటేశ్వరమ్మ ఉంది. భర్త పోయిన మనిషి ముహూర్తానికి ఎదురుగా ఉండకూడదని ఎవరో పెద్దవాళ్ళు అన్నారట. ఎవరన్నారో గానీ, వాళ్ళ నోరు పడిపోను! బాజాలు మోగాయి. అందరూ అక్షింతలు వేశారు. ఆవిడ మాత్రం పిడికిలి విప్పలేదు.

ఓంకార్ కెమెరా ఎత్తాడు. దూరాన్ని దగ్గర చేసే లెన్సు కాదది. తనే రెండడుగులు ముందుకు నడవాల్సి వచ్చింది.

"నన్నెందుకులే నాయనా, అక్కడ తియ్యి" అందావిడ, కూతురి మీంచి చూపు తిప్పకుండానే.

అతను ఒక్క ఫొటో తీశాడు.

ఆదివారం ఉదయం పెళ్ళికూతురు సుభాషిణి మాస్టారి దగ్గరికి వచ్చింది. స్టూడియో వాళ్ళు ఫోన్‌కి పంపిన అన్ని వందల ఫొటోల్లోనూ ముహూర్తం వేళ అమ్మ ఎక్కడా కనబడలేదట. మాస్టారు ఆ ఒక్క ఫొటో ఆమె చేతిలో పెట్టారు. ఆ పిల్ల పిడికిలి వంకే చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని, "ఈ అక్షింతలు నా మీద ఇంకా పడలేదు మాస్టారూ. వెళ్ళి వేయించుకుంటాను" అని లేచింది.

ఆమె వెళ్ళాక ఓంకార్ లెన్సుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు చేతిలో లెన్సు తుడిచి అన్నారు:

"మార్చుకోరా, తప్పేం లేదు. ఇక నిన్నెవరూ పక్కకి నెట్టరు. ఆ స్తంభం దగ్గరికి మాత్రం నీ అంతట నువ్వే నడిచి వెళ్ళాలి."