సగం వినపడిన పేరు

"కనిపించేదంతా లేనిదేనని మీరు చెబుతారు కదండీ. మరి లేనిది పడిపోతే మనుషులు అంతలా ఎందుకేడుస్తారండీ?"

ఈ ప్రశ్న అడిగినవాడు తాతాజీ. కాకినాడలో పేరినాయుడు గారి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు ఆయన చెప్పే అచల వేదాంత బోధ వినడానికి చేరే మా కొద్దిమందిలో అందరికంటే చిన్నవాడు. మునిసిపల్ ఆఫీసులో ఉద్యోగం. రోడ్డు వెడల్పు చేసేచోట టేపు పట్టి కొలవడం, తీసెయ్యవలసిన గోడల మీద ఎర్రరంగుతో గీత గీయడం అతని పని. ఆ వారం ఒక ముసలావిడ, అతను గీత గీసిన గోడను చేత్తో నిమురుతూ కూర్చుని ఏడ్చిందట. అతన్ని ఒక్క మాట కూడా అనలేదట. తిట్టినా బాగుండేది అన్నాడు. "అజ్ఞానం కొద్దీ ఏడుస్తోందిలే అని సరిపెట్టుకుందామని చూశానండి. కుదరలేదు."

పేరినాయుడు గారు పోర్టులో గుమాస్తాగా చేసి విరమించినవారు. ప్రశ్న గ్రంథంలోదైతే ఆయన జవాబు వెంటనే చెప్పేవారు. అడిగినవాడి బతుకులోదైతే మాత్రం కాసేపు వీధివైపు చూసి, ఎవరో ఒకరి సంగతి ఎత్తుకునేవారు. ఆ రోజూ వీధివైపే చూశారు. ఎదురుగా ఒక బట్టల దుకాణం అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. ఆయన చెప్పిన తీరులో చెప్పడం నాకు చేతకాదు. జరిగిన సంగతి మాత్రం ఇది.

ఆ అద్దాల దుకాణం ఉన్నచోట పూర్వం డాక్టరు సుభద్రమ్మ గారి కాన్పుల ఆసుపత్రి ఉండేది. ముందు వరండా, పైన మేడ, మేడకు వీధివైపు ఆకుపచ్చ ఊచల కిటికీ. మగవాళ్ళను మెట్లెక్కనిచ్చేవారు కాదు. భర్తలు, మావగార్లు అందరూ కింద వీధిలోనే నిలబడి పైకి చూస్తూ ఉండేవారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో సగంమంది అక్కడ పుట్టినవాళ్ళే. సుభద్రమ్మ గారు పోయాక కొన్నాళ్ళు ఎవరో నడిపారు, తరువాత తాళం పడింది. చివరికి వారసులు అమ్మేశారు.

అదే వీధికి ఆ చివర సూర్యచంద్రం స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెల మీద పేర్లు కొట్టడంలో ఆయన చెయ్యి ఊళ్ళో అందరికీ తెలుసు. మిషన్లు వచ్చాక కూడా చిన్న ఉలి, సుత్తి పట్టుకునే పేరు కొట్టేవాడు. బారసాలకు ముందు ఉగ్గుగిన్నె కొని, దాని మీద పిల్లవాడి పేరు వేయించుకోవడానికి జనం వచ్చేవారు. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల పేర్లు అమ్మమ్మల కంటే ముందు ఆయనకు తెలిసేవి.

ఆయన ఇల్లు వీధికి ఈ చివర. కొట్టు నుంచి ఇంటికి తిన్నగా వస్తే నాలుగు అంగలు. కానీ ఆయన రోజూ కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎండైనా, వానైనా అంతే. కాలవ గాలి ఇష్టం కాబోలు అనుకునేవారు వీధివాళ్ళు. సైకిలు మీద ఎవరైనా ఎక్కించుకుంటామన్నా, "మీరు పదండి, నేనిలా వస్తాను" అనేవాడు. ఆయన భార్య మంగతాయారు ఆ ఆసుపత్రిలోనే మొదటి కాన్పులో పోయింది. బిడ్డ దక్కింది. మేనత్త పెంచింది. ఆ పిల్ల పేరు వల్లి.

వల్లి పెద్దదై, బడిలో పంతులమ్మగా చేరిన తరువాత, ఆసుపత్రి పడగొడతారన్న కబురు వచ్చింది. వీధి అంతటికీ బాధగానే ఉంది, కానీ బాధపడి ఊరుకున్నారు. ఊరుకోనిది వల్లి ఒక్కతే. ఇంటింటికీ తిరిగింది. ఇది పాతకాలపు కట్టడం, దీన్ని ఉంచి ఏ చదువుకునే గదిగానో మార్చమని కలెక్టరు గారిని అడుగుదాం రమ్మంది. కొందరు వస్తామన్నారు. వీధిలో పెద్ద వర్తకుడు ముందు నడిస్తే మాటకు బలం ఉంటుందని ఎవరో అన్నారు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ తండ్రిని అడిగింది.

"సోమవారం నువ్వు కూడా రావాలి నాన్నా. నువ్వు ఒక్క మాట చెప్తే చాలు."

"దేనికి?"

"ఆసుపత్రి పడగొట్టొద్దని."

సూర్యచంద్రం ముద్ద కలుపుతూ ఆగాడు. "పడిపోనీ" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"పడిపోనీ అమ్మా. ఎంత తొందరగా పడితే అంత మంచిది."

వల్లి గిన్నె కింద పెట్టేసింది. "అమ్మ ఉన్న చివరి చోటు నాన్నా అది. నాకు అమ్మ తాలూకు ఏముంది, ఆ ఒక్క ఫోటో తప్ప? చిన్నప్పటి నుంచి బడికి వెళ్తూ ఆ మేడ కేసి చూసేదాన్ని. అక్కడ నన్ను ఎత్తుకుని ఉంటుంది కదా అనుకునేదాన్ని, ఒక్క నిమిషమైనా."

ఆయన లేచాడు. తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. సోమవారం ఆయన లేకుండానే వెళ్ళి అర్జీ ఇచ్చి వచ్చారు. చూస్తామన్నారు అక్కడి వాళ్ళు. కొనుక్కున్నవాడి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి చూడడానికి ఏమీ మిగలలేదు. ఆ నాటి నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. కూర బాగుందనీ, గ్యాసు అయిపోయిందనీ, అంతే. ఉన్నది ఇద్దరే. ఆ ఇంట్లో గడియారం చప్పుడు వీధిలోకి వినపడేది.

పడగొట్టే రోజు పొద్దున్నే పొక్లెయిను వచ్చింది. పక్కగోడ నుంచి మొదలుపెట్టారు. వల్లి బడికి సెలవు పెట్టి, వీధివాళ్ళందరితో పాటు ఈ అరుగు దగ్గరే నిలబడింది. వరండా పోయింది. మెట్లు పోయాయి. దుమ్ముకి ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆ గోల భరించలేక అందరూ చెవులు మూసుకున్నారు.

అప్పుడు సూర్యచంద్రం వచ్చాడు. కాలవగట్టు మీదుగా కాదు. కొట్టు మూసేసి వీధిలో నుంచి తిన్నగా నడిచి వచ్చాడు. వచ్చి, ఎవరి పక్కనా నిలబడకుండా, మిగిలి ఉన్న ఆ మేడ కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు.

వల్లి మొహం గట్టిపడింది. "చూసి సంతోషించడానికి వచ్చాడు" అంది, మెల్లగానే గానీ పక్కవాళ్ళకు వినపడేలా.

కానీ కాసేపు చూసేసరికి ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. వీధి వీధంతా చెవులు మూసుకుని ఉంటే, ఆయన ఒక్కడూ చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తల కొద్దిగా పక్కకి వంచి, కళ్ళు కిటికీ మీద పెట్టి, ఎవరో పిలుస్తుంటే వినేవాడిలా ఉన్నాడు. వల్లి గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఏం వింటున్నావు నాన్నా?"

ఆయన పెదవులు కదిలాయి. పొక్లెయిను చప్పుడులో ఆమెకేమీ తెలియలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆయన నోటికి దగ్గరగా చెవి పెట్టి వింది. "నీ పేరమ్మా" అన్నాడు.

ఆ రోడ్డు మీదే, ఆ దుమ్ములోనే, కూతురి చెవిలో ఆయన అది చెప్పాడు. పెళ్ళాం చనిపోయిన తరువాత ఎవరికీ చెప్పని సంగతి; ఆనక వల్లి చెబితేనే మిగతావాళ్ళకు తెలిసింది. ఆ రోజు మంగతాయారు నొప్పులు కాస్త తగ్గిన వేళ ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచలు పట్టుకుని కిందికి చూసి నవ్వింది. "ఆడపిల్లయితే..." అంటూ ఒక పేరు చెప్పింది. సరిగ్గా అప్పుడే మైకు కట్టిన సినిమా రిక్షా ఒకటి పాట పెట్టుకుంటూ ఆయన వెనకనుంచి పోయింది. చివరి ముక్క ఒక్కటే ఆయన చెవిన పడింది. ఏదో వల్లి. నాగవల్లో, శ్రీవల్లో, ఆవిడ మనసులో ఏముందో. "బాగుందా?" అని ఆవిడ చేత్తో అడిగింది. బాగుందని ఆయన చేత్తోనే చెప్పాడు. సాయంత్రం మళ్ళీ అడుగుదాంలే అనుకున్నాడు. సాయంత్రానికి ఆవిడ లేదు.

"లోపల ఆయాని అడిగాను. పనిలో ఉన్నాను, వినలేదంది" అన్నాడు. "ఊళ్ళో అందరికీ పేర్లు కొట్టాను. నీ ఉగ్గుగిన్నె మీద కొట్టడానికి నా దగ్గర ఉన్నది ఆ ముక్కే. మొదట్లో రోజూ ఇక్కడికొచ్చి నిలబడేవాణ్ణి. ఆ మొదటి సగం వినపడుతుందేమోనని. నిలబడగా నిలబడగా నాకేదో అయిపోతుందని భయమేసింది. నువ్వు చూస్తే పసిగుడ్డువి. అందుకని దారి మార్చేశాను. ఈ కిటికీ లేకపోతే నా చెవులకి విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. ఇప్పుడు చూస్తే..."

ఆ మాట పూర్తి కాలేదు. వల్లి ఆయన్ని వదిలి పొక్లెయిను దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులూ ఎత్తి ఊపింది. డ్రైవరు లోపల ఎవరైనా ఉండిపోయారేమోనని హడలిపోయి మిషను ఆపేశాడు.

"ఏంటమ్మా? ఎవరున్నారు లోపల?"

"ఎవరూ లేరు బాబూ. ఒక్క పది నిమిషాలు ఆపండి. మా నాన్న వినాలి."

అతనికి అర్థం కాలేదు. కిటికీ కింద నిలబడ్డ ముసలాయనను చూశాడు, ఈ పిల్ల మొహం చూశాడు. మరేమీ అడగలేదు. కిందికి దిగి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. మేస్త్రీ ఏదో కేకేయబోతే వద్దని సైగ చేశాడు.

వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం అక్కడివాళ్ళెవరూ ఎరగరు. అటుగా వచ్చిన ఆటోవాడు కూడా హారను కొట్టకుండా ఆగాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ పైకి చూస్తూ నిలబడ్డారు. ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. గోడలోంచి ఇసుక జలజలా రాలింది. కిటికీ రెక్క ఒకటి గాలికి కొద్దిగా కదిలి ఊరుకుంది.

చాలాసేపటికి వల్లి అడిగింది. "ఏమైనా వినపడిందా నాన్నా?"

"లేదమ్మా."

"సరిగ్గా విన్నావా?"

"విన్నానమ్మా. ఏమీ లేదు."

అప్పుడు ఆయన ఏడ్చాడు. ఎప్పటి నుంచో ఆగిపోయిన ఏడుపు. వీధిలో జనమంతా చూస్తున్నారన్న ఎరుక కూడా లేదు ఆయనకి. వల్లి తన కొంగుతో ఆయన మొహం మీది దుమ్ము, కన్నీళ్ళు కలిపి తుడిచింది.

"ఆ సగం అమ్మ దగ్గరే ఉండనీ నాన్నా" అంది. "తనకి కూడా ఏదో ఒకటి ఉండాలి కదా మన తాలూకు."

తరువాత తనే డ్రైవరు వైపు తిరిగి, ఇక కానివ్వమని తల ఊపింది. కిటికీ ఒక్క దెబ్బకే ఊడి పడింది. వాళ్ళు అక్కడే ఉన్నారు. చివరి గోడ పడేదాకా ఉన్నారు. వీధివాళ్ళలో చాలామంది అప్పటికే భోజనాలకి వెళ్ళిపోయారు.

మరునాడు కొట్టు మూసి సూర్యచంద్రం అలవాటు కొద్దీ కాలవవైపు తిరిగాడు. వల్లి బడి నుంచి వచ్చి అక్కడ నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని తిన్నగా వీధిలోకి నడిపించింది. ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళకు ఆమె రాకపోయినా ఆయన తిన్నగానే వచ్చేవాడు. ఆ ఖాళీ స్థలంలో పునాదులు తవ్వారు, స్లాబులు పడ్డాయి, అద్దాలు బిగించారు. ఇద్దరూ కలిసి వచ్చే రోజుల్లో ఆయన మాట్లాడుతూ వచ్చేవాడు. మంగతాయారు రొయ్యల్లో చింతచిగురు వేసి వండేదని, ఉరుమంటే భయమని, పేకాటలో తొండి చేసేదని, దొరికిపోతే ముందుగా తనే అలిగేదని. ఆ పిల్ల అవన్నీ మొదటిసారి వింటోంది. ఒక్కోసారి నవ్వుకుంటూ అరుగు ముందు నుంచి పోయేవాళ్ళు. ఆమెకు పెళ్ళి కుదిరినప్పుడు శుభలేఖలో పేరు ఏమని వేయమంటారని ప్రెస్సువాడు అడిగితే, "వల్లి. అంతే" అని ఆయనే చెప్పాడట.

పేరినాయుడు గారు అక్కడితో ఆపి, పక్కనున్న మరచెంబు ఎత్తి నీళ్ళు తాగారు. ఎదుటి దుకాణంలో దీపాలు వెలిగాయి.

తాతాజీ మాత్రం ఇంకా తన ప్రశ్న దగ్గరే ఉన్నాడు. తల వంచుకుని నెమ్మదిగా అడిగాడు. "అయితే ఆ కిటికీ ఉన్నట్టా, లేనట్టా గురువుగారండీ? ఆయన ఏడ్చింది అజ్ఞానమేనాండి?"

గురువుగారు కాసేపు అతని కేసి చూశారు. ఎంతోకాలంగా అందరికీ చెబుతూ వచ్చిన మాట ఇప్పుడూ చెబుతారేమోనని మేమందరం చూస్తున్నాం.

"ఆ రోజు ఆయన ఏడుస్తుంటే వెళ్ళి రెండడుగుల దూరంలో నిలబడ్డాను నాయనా" అన్నారు. "లేనిది అన్న మాట నా నోటికి రాలేదు."