రెండు గుమ్మాల ఇల్లు

పొద్దు వాలి మేతకు బయలుదేరే ముందు గుమ్మంలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే దుప్పి కొమ్మును చెరొక కొస నుంచి కొరుకుతూ పళ్లు నూరుకోవడం ఏదుపంది కంటకమ్మకూ, ఆమె పెనిమిటి సూదయ్యకూ అలవాటు. పోయిన వర్షాకాలం చివర సూదయ్య నిద్రలోనే కన్నుమూశాడు. ఆ తర్వాత కంటకమ్మ ఆ కొమ్మును ముట్టలేదు.

వారి ఇల్లు ఎర్రమట్టి గుట్ట వాలులో, బండల నడుమ ఉండేది. సూదయ్య వయసులో ఉండగా స్వయంగా తవ్వినది. తూర్పున ముందు గుమ్మం, అక్కడి నుంచి పొడవాటి నడవ, నడవ చివర విశాలమైన గది, గదికి ఆవల పడమటి పొదల్లోకి తేలే సన్నని పెరటి దారి. ఒంటరి ప్రాణానికి అంత ఇల్లెందుకు? పైగా తినే దుంపలన్నీ గుట్ట కింద, వాగు ఒడ్డున. ఆకలితో దిగడం సులువే. నిండిన కడుపుతో ఎక్కిరావడమే మోకాళ్లకు పరీక్ష.

వాగు ఒడ్డున కుందేలు దంపతులు దూకుడయ్యకూ, గరికమ్మకూ ఒక దుంపల చెలక ఉంది. దాని అంచున ఒక్క ప్రాణికి సరిపడే రాతిగూడు ఉంది. ఆ రెండూ పుచ్చుకుని కంటకమ్మ తన ఇల్లు వారికి అమ్మింది. కుందేళ్లు తరతరాలుగా గడ్డిదుబ్బుల కింద పడుకునే జాతి. ఇల్లన్న మాటే వారి వంశంలో లేదు. కాని పోయిన ఈతలో పిల్లలను పట్టపగలే గద్ద తన్నుకుపోయింది. మళ్లీ కడుపుతో ఉన్న గరికమ్మ, తలమీద కప్పు ఉంటేగాని కననని భీష్మించుకు కూర్చుంది.

బేరం కుదిర్చినవాడు నక్క జంబయ్య. పక్క లోయ నుంచి ఈ మధ్యనే వచ్చి గుట్టమీద చేరాడు.

"శ్రమపడ్డావు నాయనా, నీకేమివ్వాలి?" అని కంటకమ్మ అడిగితే, జంబయ్య రెండు ముంగాళ్లూ జోడించాడు.

"ఎంత మాట అత్తా! నలుగురూ చల్లగా ఉంటే నా కడుపు నిండినట్టే."

అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరకే అనలేదు. అయితే దుఃఖంలో ఉన్నవారికి పెద్దల మాటలు కొంచెం ఆలస్యంగా గుర్తుకు వస్తాయి.

అప్పగింతకు ముందు ఇల్లు శుభ్రం చేయడానికి పొరుగున ఉండే అలుగు చలమయ్య వచ్చాడు. ఒళ్లంతా పెంకులు కప్పుకున్న ఆ ముసలి అలుగు సూదయ్యకు తమ్ముడి వరస. మాట నెమ్మది, గోళ్లు మాత్రం చురుకు. కంటకమ్మ మూలమూలలా రాలిన ముళ్లను ఏరింది. లేత పాదాలకు గుచ్చుకోకూడదని నేలను ముక్కుతో తడిమి చూసింది. గోడలో ఎలుకలు చేసిన కంతలు తడిమట్టితో పూడ్చింది. పూడ్చిన చోట అరచేత్తో రాసి, నచ్చక, మళ్లీ రాసింది.

నడవ మధ్యలో పైకప్పు నుంచి ఒక వేరు వేలాడుతూ ఉండేది. సూదయ్యకు రోజూ తల తగిలేది. రోజూ దాన్ని తిట్టేవాడు. ఒక్క కొరుకుతో తెగిపోయేదాన్ని ఏనాడూ కొరకలేదు.

"కొరికేయమంటావా వదినా?" అన్నాడు చలమయ్య.

"ఉండనీ. ఆయన తిట్లన్నీ అదే తినేసింది. నాకు ఒక్కటీ మిగల్చలేదు."

"పుణ్యాత్మురాలు, వేరైతేనేం," అని చలమయ్య తల వంచుకుని దాని కిందుగా నడిచాడు.

అప్పుడే జంబయ్య తొంగి చూశాడు. "అయ్యయ్యో అత్తా, ఈ వయసులో మట్టి పని నువ్వు చేయడమా? పెరటి వైపు నాకు వదిలెయ్. అన్నట్టు, కొన్నవాళ్లు పెరటి గుమ్మం రాళ్లతో మూసి ఇమ్మన్నారు. బాలింత ఉండే ఇల్లు కదా, చలిగాలి పడదట."

కంటకమ్మ చేతిలోని మట్టి కింద పెట్టింది. ఆ గుమ్మమంటే సూదయ్యకు ప్రాణం. 'ముఖానికి ముక్కు ఒకటే. దానికే దేవుడు రెండు తూట్లు పెట్టాడు. ఇంత ఇంటికి ఒక్కటి చాలుతుందా?' అనేవాడు. కాని అమ్మిన ఇంటి గుమ్మం మీద తనకేం హక్కు?

"వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. అలాగే కానీ," అంది.

మరునాడు ఉదయం ఊడుస్తుంటే, లేచిన దుమ్ము లేచినచోటనే నిలబడింది. ఎటూ కదలలేదు. ఇల్లు ఊపిరి బిగబట్టుకున్నట్టుంది. కంటకమ్మ దగ్గుతూ బయటికి వచ్చేసరికి, కుందేలు దంపతులు పక్కకోసం మెత్తని గడ్డి నోట కరచుకుని ఎదురయ్యారు.

"మంచి పని చేశారమ్మా," అంది కంటకమ్మ, మర్యాద తప్పకుండా. "చలిగాలికని పెరటి గుమ్మం మూయించారట కదా. కాని వేసవిలో మాత్రం..."

గరికమ్మ గడ్డి కింద పెట్టింది. "పెద్దమ్మా, పెరటి గుమ్మమంటే ఏమిటి?"

కంటకమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో కల్ల లేదు.

"మీకు ఇల్లు చూపిన రోజున జంబయ్య లోపలి వరకూ తీసుకుపోలేదా?"

"గుమ్మం దగ్గరే నిలబెట్టి చూపించాడు. లోపలంతా ఇలాగే ఉంటుంది, ఎందుకు శ్రమ అన్నాడు. ఇళ్లన్నిటికీ ఒకటే గుమ్మం ఉంటుందట. పిల్లలు పుట్టాక ఆ గుమ్మం ముందు కాపలాగా తానే పడుకుంటానన్నాడు. దేవుడిలాంటి మామ, పెద్దమ్మా. ఏమీ పుచ్చుకోనన్నాడు!"

కంటకమ్మ వీపుమీది ముళ్లు ఆమె ప్రమేయం లేకుండానే లేచి గలగలలాడాయి. "పుచ్చుకుంటాడమ్మా. నువ్వు ఈనాక పుచ్చుకుంటాడు."

గరికమ్మ చెవులు మెల్లగా వాలిపోయాయి. దూకుడయ్య ఎగిరి గంతేశాడు.

"వాడి అబ్బ సొమ్మా! ఇప్పుడే పోయి మూతి పగలగొట్టి వస్తాను!"

"నీ మూతి వాడి నోట్లో ఒక ముద్దకు చాలదు. కూర్చో," అంది గరికమ్మ. "పెద్దమ్మా, ఇక ఈ ఇల్లు మాకొద్దు. గద్దకు దొరికినవాళ్లు దొరకగా మిగిలినవాళ్లమైనా దుబ్బుల కింద బతికాం. ఇక్కడైతే ఒక్కరమూ మిగలం."

ఆ మాట కంటకమ్మకు ముల్లులా దిగింది. తన పెనిమిటి గోళ్లు అరగదీసుకుని కట్టిన ఇల్లు! దాన్ని ఒకడు బోను చేశాడు. తానే 'అలాగే కానీ' అంది.

"తవ్వేయనా వదినా?" అన్నాడు, ఆ పొద్దు కూడా సాయానికి వచ్చిన చలమయ్య, గోళ్లు చాపి. "ఎంతసేపు!"

"ఇవాళ నువ్వు తవ్వితే రేపు వాడు మూస్తాడు. నేను వాగు దగ్గర ఉంటాను. నువ్వు పగలంతా నిద్రలో ఉంటావు. అడిగితే నాకేం తెలుసంటాడు. మూసినవాడి చేతనే, పదిమంది ముందు తెరిపించాలి." ఆమె గరికమ్మ వైపు తిరిగింది. "నాకు అప్పగింత దాకా గడువియ్యి తల్లీ. అప్పటికీ నీ మనసు ఒప్పకపోతే మీ చెలక మీకు ఇచ్చేస్తాను. నా ఇంట్లోకి నిన్ను భయంతో పంపను."

అప్పగింత నాటి సాయంకాలం గుట్టమీది జంతువులన్నీ పోగయ్యాయి. పెద్దరికానికి అడవిపంది వరహాలప్ప వచ్చాడు. పిలవకపోయినా నెమలి వచ్చింది. జంబయ్య నుదుట ఎర్రమట్టి బొట్టు పెట్టుకుని, సొంత కూతురి పెళ్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఇంకేం, కొత్తవాళ్లు లోపలికి పోవచ్చు. అమ్మా గరికమ్మా, కుడికాలు ముందు!"

"ఆగవయ్యా," అన్నాడు వరహాలప్ప. "మా గుట్ట కట్టుబాటు జరగనీ."

"ఏం కట్టుబాటు మామా?"

"నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇలాంటి గాలివాన ఎన్నడూ చూడలేదందట. నీకెలా తెలుస్తుంది? ఇక్కడ ఇల్లు కుదిర్చినవాడే ముందు గుమ్మంలో దూరి, ఇల్లంతా చూసి, పెరటి గుమ్మంలోంచి తేలి, ఇల్లు క్షేమమని పలకాలి. అమ్మినవాళ్లు వాడి వెనకాలే కడపటి ఊడ్పు ఊడ్చుకుంటూ పోవాలి. ఆ పిమ్మటే కొన్నవాళ్ల కాలు."

జంబయ్య తోక కిందికి జారింది. "నా మాట చాలదా? ఇల్లు బంగారం! లోపలికి పోవడమెందుకు, ఊడ్చిన నేల తొక్కడమెందుకు!"

"తోక అడ్డం వస్తుందా బావా?" అంది నెమలి. "నాకైతే నిజంగానే అడ్డం. నీకేం వచ్చింది?"

అందరూ నవ్వారు. జంబయ్య క్షణం ఆలోచించాడు. గదిదాకా పోయి, అక్కడ వెనక్కి తిరిగి, ముందు గుమ్మంలోంచే వచ్చి ఏదో ఒకటి చెప్పవచ్చు. నోరుంటే తలకాస్తుంది. "సరే సరే," అని లోపలికి దూరాడు.

కంటకమ్మ చీపురుగడ్డి అందుకుంది. ఊడ్చేవాళ్లు తమ అడుగుల గుర్తులు మిగలకుండా వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆమె కూడా ముఖం గుమ్మం వైపు, వీపు ఇంటి వైపు పెట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ నడవలోకి ప్రవేశించింది. నడవ నిండా ఆమె ముళ్లే. వేరు కిందుగా వంగి, గది నేలంతా మెల్లగా ఊడ్చింది. తిరిగిపోదామని చూసిన జంబయ్యకు ఎదురుగా ముళ్ల గోడ నడిచి వచ్చింది.

"అత్తా, కాస్త తప్పుకో! నేను వెళ్లాలి!"

"వెళ్లు నాయనా. పెరటి దారి నీ ముందే ఉంది."

అతడు పెరటి దారిలో దూరాడు. అక్కడ ఒళ్లు తిప్పుకునే చోటు లేదు. ముందు రాళ్లు. వెనక చీపురు చప్పుడు.

"అత్తా, ఆగు! దారి లేదు! రాళ్లున్నాయి!"

"రాళ్లా! ఎవరు పెట్టారు?"

"నాకేం తెలుసు!"

"పాపం, తెలియదా," అని కంటకమ్మ ఇంకొక అడుగు వెనక్కి వేసింది. "పెద్దదాన్ని, వెనక కళ్లు లేవు. ఏమైనా తగిలితే చెప్పు."

"తగిలింది! అబ్బా! తగిలిందత్తా!"

"అయితే తొందరగా కానీ నాయనా. ఊడ్పు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదట."

బయట పడమటి పొదల దగ్గర పదిమందీ చెవులు రిక్కించి నిలబడ్డారు. లోపల గోళ్లతో గీకుతున్న చప్పుడు, ఏడుపు. ఒక రాయి కదిలింది. అడుగున ఆనించిన రాయి ఏదో, దాని వెనక ఏది ఉందో వెతుక్కోకుండా, పెట్టిన చెయ్యే తీసినట్టుగా, ఒకదాని తర్వాత ఒకటి రాళ్లు బయటికి దొర్లాయి. వాటి వెంట, పిరుదుల మీద మూడు నాలుగు ముళ్లతో, మట్టి కొట్టుకుపోయిన జంబయ్య దొర్లాడు.

చలమయ్య తొందరపడలేదు. కట్టుబాటు ప్రకారం అడగవలసింది అడిగాడు. "మధ్యవర్తీ, ఇల్లు ఎలా ఉంది?"

"క్షే... క్షేమం!"

"గుమ్మాలు ఎన్ని?"

జంబయ్య చుట్టూ చూశాడు. అందరి చూపూ అతడి గోళ్లలో ఇరుక్కున్న మట్టి మీదే ఉంది. "రెండు," అన్నాడు.

"గట్టిగా చెప్పు మామా!" అని దూకుడయ్య భార్య వెనక నుంచే గర్జించాడు.

"రెండు! రెండు గుమ్మాలు!"

"ఇక రేపు ఇందులో ఒకటి మూతపడితే, దారి ఎలా తీయాలో తెలిసినవాడు ఎవరో మాకు తెలుసు," అన్నాడు వరహాలప్ప. "మళ్లీ నీ చేతనే తీయిస్తాం. వెనక ఊడవడానికి కంటకమ్మ వాగు దగ్గరి నుంచి వస్తుంది."

జంబయ్య ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. కుంటుతూ, ముళ్లు పీకేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అరుస్తూ, పక్క లోయ దారి పట్టాడు. ఒకరి ఇంటి దారి మూసినవాడికి తన దారి తానే తవ్వుకోక తప్పదు.

జనం కదిలాక గరికమ్మ కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచింది. గదిలో నిలబడింది. పడమటి గాలి పెరటి దారిన వచ్చి ఆమె చెవులను కదిపి, నడవ గుండా తూర్పుకు పోయింది. ఆమె అక్కడే కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

"ఈ పెరటి దారి ఎవరు తవ్వారు పెద్దమ్మా?"

"ఆయనే," అంది కంటకమ్మ.

సూదయ్య పోవడానికి ముందు రోజు వాన వెలిసింది. పెరటి దారి బురదతో పూడిపోయింది. అతడు లోపలి నుంచి నెడుతూ, ఆమె బయటి నుంచి లాగుతూ మధ్యాహ్నమంతా గడిపారు. చివరికి పిడికిలంత సందు తెరుచుకుంది. అందులోంచి బురద పూసుకున్న ముక్కు ఒకటి బయటికి వచ్చింది.

"గాలి వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోంది," అంది ఆమె. "ముందు ముక్కు తుడుచుకో."

అతడు తుడుచుకున్నాడు. ఇద్దరూ కలిసి దుంపలకు వాగు దిగారు.