బయటి వరస

సింహాద్రి చచ్చిపోయి తీతుకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టాడు.

బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఏ చిక్కూ తేని మనిషి. పొద్దున్నే మోకు వేసుకుని తాడిచెట్లెక్కడం, కల్లు కుండలు దించడం, ఆదివారం మాత్రం తలస్నానం చేసి చర్చి మెట్ల మీద కూర్చోవడం, అదీ అతని బతుకు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. ఒంటికి కల్లు వాసన వస్తుందని సిగ్గు. ఆ మెట్ల మీదే కూర్చుని పాటలన్నీ పాడేవాడు, అదీ అందరికంటే ఒక మాట వెనకగా. ఆ పొద్దున చెట్టు మీద ఉండగా మోకు తెగింది.

తీతు రేవుపేట సంఘ కాపరి నతానియేలు అయ్యగారి దగ్గర సేవ నేర్చుకుంటున్నాడు. బైబిలు స్కూల్లో చదువుకుని వచ్చిన యువకుడు. మంచివాడే. కాకపోతే కడవరి దినాల గురించి ప్రసంగం మొదలుపెట్టాడంటే ఇక పట్టపగ్గాలుండవు. ఏ బూర ముందు మోగుతుందో, ఏ ముద్ర తర్వాత ఏ ముద్ర విప్పబడుతుందో, ఎవరు ఎత్తబడతారో ఎవరు విడవబడతారో, రైళ్ళ వేళలు చెప్పినట్టు చెప్పేవాడు. స్టేషను మాస్టరుకు కూడా అంత ధీమా ఉండదు. జనం వణికిపోయేవారు. అయ్యగారు మాత్రం ముందు బల్ల మీద కూర్చుని శ్రద్ధగా వినేవారు. బాగుందనీ అనేవారు కాదు, బాగాలేదనీ అనేవారు కాదు. అది తీతుకు కాస్త వెలితిగానే ఉండేది.

ఇంతకీ చిక్కేమిటంటే, సింహాద్రికి బాప్తిస్మం లేదు.

రేవుపేట సమాధుల తోటకు ఒక కంచె ఉంది. బాప్తిస్మం పొందినవాళ్ళు కంచె లోపల, కాళ్ళు తూర్పుకు పెట్టుకుని పడుకుంటారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, కడబూర మోగి లేచి నిలబడగానే ఎదురుగా ఆయనే కనబడాలని అలా పెడతారు. బాప్తిస్మం లేనివాళ్ళూ, సంఘం వెలివేసినవాళ్ళూ కంచె అవతల తుమ్మ మొక్కల్లో. దాన్ని బయటి వరస అంటారు. పేరుకే వరస. అక్కడ దిక్కూ లేదు, తీరూ లేదు, ఎలా పడితే అలా పాతిపెట్టేవారు. మిషను దొరల కాలం నుంచి వస్తున్న కట్టుబాటు అది.

సింహాద్రి భార్య పైడమ్మ బాప్తిస్మం పొందిన మనిషి. శవాన్ని వాకిట్లో ఉంచి, చుట్టాలను కూర్చోబెట్టి, తానే తీతు దగ్గరికి వచ్చింది.

"మావోడిని లోపల పెట్టండి బాబూ," అంది.

"పైడమ్మా, నీకు తెలుసు కదా. బాప్తిస్మం లేదు."

"అడిగినాడు గదండీ."

అడిగాడు. తీతుకు బాగానే గుర్తుంది. మోకాళ్ళ నొప్పులతో అయ్యగారు ఏట్లోకి దిగలేక బాప్తిస్మాల పని తీతుకు అప్పగించారు. ఈస్టరు ముందు సింహాద్రి వచ్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని, "నన్నూ ముంచండి బాబూ" అన్నాడు. కల్లు గీయడం మానేసి రమ్మన్నాడు తీతు. ఎండాకాలం పోనివ్వమన్నాడు సింహాద్రి. అయితే ఎండాకాలం పోయాకే రమ్మన్నాడు తీతు. ఆ మాట అన్నప్పుడు తీతుకు తన గట్టితనం మీద తనకే ముచ్చట వేసింది.

"పెబువు ఈ రేతిరికే వచ్చెత్తాడని మీరే సెప్తారు గదా బాబూ," అంది పైడమ్మ. దెప్పిపొడవడానికి కాదు, నిజంగానే అర్థంగాక అడిగింది. "మరి మావోడిని తరవాత రమ్మన్నారేటి?"

తీతు బైబిలు అందుకుని, తెరవకుండానే పక్కన పెట్టాడు.

"ఇన్నాళ్ళూ మెట్ల మీదే కూకున్నాడు. ఇప్పుడూ బయటేనా? రేపు బూర ఊదితే నేను లోపల లేస్తాను, ఆడు తుప్పల్లో లేస్తాడు. అంత జనంలో నన్నెక్కడని ఎతుక్కుంటాడు బాబూ?"

అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. తీతు గబగబా లేచి, అయ్యగారిని అడిగి వస్తానని బయటపడ్డాడు. అడగడానికి వెళుతున్నానని పైకి అన్నాడు గానీ, కట్టుబాటు కట్టుబాటేనని అయ్యగారి నోటితో అనిపిస్తే తన గుండె బరువు దిగుతుందని అతని ఆశ.

అయ్యగారు అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నారు. తీతు చెప్పిందంతా విన్నారు. సంఘ పెద్ద గిద్యోను కూడా అప్పటికే వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు.

"లోపల ఎవరిని పెట్టాలో కట్టుబాటు ఉందండి," అన్నాడు గిద్యోను.

"ఉంది, ఉంది," అన్నారు అయ్యగారు. "తీతూ, పలుగు తీసుకురా."

బయటి వరసలో తవ్వడానికేనని తీతు అనుకున్నాడు. గిద్యోనూ అలాగే అనుకుని తృప్తిగా వెంట నడిచాడు. అయ్యగారు కర్ర పొడుచుకుంటూ నెమ్మదిగా తోట దాకా వెళ్ళి, గేటు తీసి, లోపలికి అడుగుపెట్టారు. తిన్నగా తన భార్య కరుణమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి ఆగారు. దాని పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. చుట్టూ ఇటుకలు పేర్చి, ఏటేటా సున్నం వేస్తారు. అది అయ్యగారి చోటని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆడుకునేటప్పుడు కూడా దాన్ని తొక్కరు.

అయ్యగారు పలుగు అందుకుని ఆ చోటి నడిమధ్య ఒక్క పోటు వేశారు. అంతకంటే ఓపిక లేక పలుగు తీతు చేతికిచ్చారు.

"ఇక్కడ తవ్వండి."

గిద్యోను నోరు తెరిచాడు. "అయ్యగారూ, ఇది తమరి చోటండి!"

"సంఘం నాకిచ్చిందే కదా. నాకిచ్చింది నేనింకొకరికి ఇచ్చుకుంటాను. దానికి కట్టుబాటు ఏదైనా ఉందా?"

గిద్యోను ఆలోచించాడు. దానికి కట్టుబాటు లేదు. ఎవరైనా అలా చేస్తారని దొరలకు తట్టి ఉండదు.

తీతు మాత్రం ఉండబట్టలేకపోయాడు. "అయ్యగారూ, అతను దీనికి అర్హుడు కాడండి."

"నేను అర్హుణ్ణని నీకెవరు చెప్పార్రా?"

తీతు పలుగెత్తి తవ్వడం మొదలుపెట్టాడు. గోతి నడుములోతు వచ్చాక తీతు చెమట తుడుచుకుంటూ పైకి చూశాడు.

"నేనే వద్దన్నానండి. ఆ రోజే ముంచి ఉంటే..." పలుగు గోతి అంచుకు ఆనించాడు. "అతను రక్షణ పొందాడంటారా అయ్యగారూ?"

"ఆ లెక్క చూసుకోడానికి ఒకరున్నారు. ఆయన్ని ఆ పని చేసుకోనీ. నువ్వు తవ్వు."

మధ్యాహ్నం సింహాద్రిని తెచ్చారు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు గోతి దగ్గర ఆగారు. బాప్తిస్మం లేనివాణ్ణి లోపల పెట్టడం వాళ్ళకూ కొత్తే. ఎటు తిప్పాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"కాళ్ళెటు బాబూ?" అని అడిగాడు ఒకతను.

తీతు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఆకాశం వంక చూస్తున్నారు, జవాబు చెప్పే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"తూర్పుకు," అన్నాడు తీతు. తర్వాత ఇంకా గట్టిగా, "తూర్పుకే పెట్టండి," అన్నాడు.

పైడమ్మ గుప్పెడు మట్టి వేసింది. ఆమెను పక్కకు పిలిచి, ఇటుకలకు అవతల, ఆ గోతిని ఆనుకుని ఉన్న ఖాళీ నేల చూపించారు అయ్యగారు. "ఇది నీకు. ఇక ఎవరినీ ఎక్కడా వెతుక్కోనక్కరలేదు," అన్నారు. పైడమ్మ వంగి ఆ నేలను ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

జనమంతా వెళ్ళిపోయారు. అయ్యగారు మాత్రం ఇంటి దారి పట్టకుండా, కర్ర పొడుచుకుంటూ గేటు దాటి, కంచె చుట్టూ తిరిగి తుమ్మ మొక్కల్లోకి దిగారు. తీతు పలుగు భుజాన వేసుకుని వెంట వెళ్ళాడు. అక్కడ పేర్లు చెరిగిపోయిన రాళ్ళు కొన్ని, రాళ్ళు కూడా లేని దిబ్బలు కొన్ని ఉన్నాయి. అయ్యగారు వాటి మధ్య కాస్త చదునుగా ఉన్న నేల వెతికి కర్రతో గీత గీశారు.

"ఇది నా చోటు. గుర్తుపెట్టుకో."

"మరి అమ్మగారు అక్కడ..."

"కరుణమ్మ సంగతి నీకు తెలీదు. సంతలో ఏ మూల నిలబడి కబుర్లు చెబుతున్నా వెతికి పట్టుకునేది నన్ను. అక్కణ్ణించి ఇక్కడికి ఓ లెక్కా?"

తీతుకు నవ్వు రాలేదు. "అది కాదండి. ఆ దినాన కడబూర మోగితే సంఘమంతా లోపల లేస్తుంది. వాళ్ళ కాపరి మాత్రం ఇక్కడ, ఈ వెలి మనుషుల్లో లేస్తాడా?"

అయ్యగారు ఒక దిబ్బ మీద పడిన తుమ్మకొమ్మను కర్రతో పక్కకు తప్పించారు.

"లోపలివాళ్ళకు భయమేముంది తీతూ. లేవగానే ఎదురుగా ఆయన ఉంటాడని వాళ్ళకు చెప్పే పడుకోబెట్టాం. వీళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. లేవగానే బెదిరిపోతారు. తెలిసిన మొహం ఒక్కటైనా కనబడాలి కదా."

తీతు పలుగు దించి, అయ్యగారు గీసిన గీత పక్కన ఒక మనిషికి సరిపడా మేర తుమ్మ మొక్కలను కుదుళ్ళతో సహా పెళ్ళగించడం మొదలుపెట్టాడు. చేతులకు ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగలేదు.

అయ్యగారు కాసేపు చూశారు.

"నా చోటు ఇటురా. నువ్వు బాగుచేస్తున్నది కాదు."

"తెలుసండి," అన్నాడు తీతు.