చిత్రశాలలో మేకల మంద

ఓ మారుమూల పాఠశాల పిల్లలు రాజధానిలోని చిత్రశాల చూడాలని రోజుల తరబడి నడిచి వచ్చారు. వాళ్ళకు తోడుగా వచ్చింది పాఠశాలలో వంట చేసే గౌరవ్వ. వాకిట్లో చిత్రశాల అధికారి విజయకేతుడు అడ్డం నిలిచాడు.

“చూసే ప్రతి మనిషీ ఒక రూక కట్టాలి.”

గౌరవ్వ కొంగున ఒక్క రూకే మిగిలింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఆమె ఆ రూక అధికారి చేతిలో పెట్టింది.

“నేనొక్కదాన్నే చూస్తానయ్యా. పిల్లల కళ్ళకు గంతలు కడతాను. చూడనివాళ్ళకు రుసుం లేదుగా?”

అధికారి నవ్వి సరేనన్నాడు.

పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోపలికి నడిచారు. గౌరవ్వ మొదటి బొమ్మ ముందు ఆగింది.

“ఇదిగో పిల్లలూ, మేకల మంద. వెనక ఒకడు కర్ర పట్టుకుని తోలుతున్నాడు.”

“మేకలా!” అధికారి గొంతు చించుకున్నాడు. “అవి యుద్ధపుటేనుగులు! ఆ ఒకడు మహారాజు!”

“నా కళ్ళకు ఇలాగే కనిపిస్తోంది మరి.”

“అవ్వా, రాజుగారు మేకలు కాస్తారా?” అన్నాడో పిల్లవాడు. “ఊళ్ళో అందరికీ చెబుతాను!”

అధికారి గబగబా పిల్లల దగ్గరికి వచ్చాడు. ఈ మాట రాజుగారి చెవిన పడితే తన కొలువు ఉండదు.

“గంతలు విప్పండి! కళ్ళారా చూడండి!” అని అరిచాడు. ప్రతి బొమ్మ ముందూ పిల్లల్ని నిలబెట్టి, సాయంత్రం దాకా తానే వివరించాడు.

వాళ్ళు బయటికి వస్తుంటే తేరుకుని చెయ్యి చాచాడు.

“అందరూ చూశారుగా, రూకలేవీ?”

“చూస్తానన్నది నేను, కట్టాను. వీళ్ళను చూడమన్నది తమరు. వీళ్ళవి తమరే కట్టుకోవాలి.”

అధికారి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“సరే, వెళ్ళు. ఊళ్ళో మాత్రం ఏనుగులనే చెప్పించు తల్లీ.”