చిటికి వేసిన దారి లెక్క

అనగనగా ఒక అడవిలో నాలుగు చక్రాల మీద ఒక ఇల్లు ఉండేది. తాటాకు కప్పు, వెదురు తడికల గోడలు, రెండు కిటికీలు. లోపల పడుకోవడానికి మూడు చెక్క బల్లలు, వండుకోవడానికి ఒక మట్టి పొయ్యి. వెనకాల వేలాడే నీళ్ల కుండ. ఆ బండి ఇల్లు చిటికి అనే ఉడుతది. దాన్ని లాగేది కొండన్న అనే అడవిదున్న.

చిటికికి లెక్కలంటే ప్రాణం. చింతచెట్టు కింద నిలబడి కాయలెన్నో చెప్పేది. చీమల బారు కనిపిస్తే వెళ్లేవి ఎన్ని, వచ్చేవి ఎన్ని, విడివిడిగా చెప్పేది.

ఒక వేసవిలో చిటికి కుందేలు మెత్తమ్మ ఇంటికి వెళ్లింది. మెత్తమ్మది కొండ మీద బొరియ. అక్కడ నీళ్లంటే ఒక్క చెలమే. ఆమె ముగ్గురు పిల్లలు ఏటిని ఎప్పుడూ చూడలేదు.

"పిన్నీ, పిల్లల్ని బండి ఎక్కించు. ఏటి ఒడ్డున మూడు రోజులు విడిది చేద్దాం" అంది చిటికి.

"రోహిణి కార్తె ఇంకా పది రోజులే ఉంది కదే. ఆ తర్వాత మృగశిర, వానలు. కోరవాగు పొంగిందంటే బండి ఇటు రాదు. పిల్లలతో అటుపక్క చిక్కుకుంటే నా గతేంటి?" అంది మెత్తమ్మ.

"అన్నీ లెక్క వేశాను పిన్నీ. వెళ్లడానికి మూడు రోజులు. ఉండడానికి మూడు. రావడానికి మూడు. మొత్తం తొమ్మిది. ఒక రోజు మిగులు కూడా."

అందరికంటే చిన్నది బుడిపి. అది ముందుకొచ్చి అడిగింది. "అక్కా, ఏరు మన చెలమకి ఎన్ని రెట్లు?"

"వెయ్యి రెట్లు."

బుడిపికి నాలుగు వరకే వచ్చు. "నాలుగు కంటే ఎక్కువా?"

"చాలా ఎక్కువ."

ఆ పూట ముగ్గురూ గడ్డి ముట్టలేదు. ఏటి గురించే మాట్లాడుకున్నారు.

చిటికి అక్కణ్ణుంచి కొండన్న దగ్గరికి పరిగెత్తింది. ఆయన నెమరు వేస్తున్నాడు. చిటికి టేకు ఆకు మీద గీసుకున్న లెక్క చదివింది.

"మొదటి రోజు మద్దితోపు. రెండో రోజు వెదురుకోన. మూడో రోజు ఏరు. రోజుకి నాలుగు వేల గంతులు."

"ఎవరి గంతులు?" అన్నాడు కొండన్న.

"నావే మావా. వారం రోజులు తిరిగి నేనే కొలిచాను."

"ఎక్కడ నడిచి కొలిచావు పిల్లా?"

"నడవడమేంటి మావా, కొమ్మ మీంచి కొమ్మ మీదికి."

కొండన్న నెమరు ఆపాడు. "ముందు ఒకసారి ఇద్దరం నేల మీద వెళ్లి చూసొద్దాం. రెండు రోజులు పడుతుంది."

చిటికి రెప్పపాటులో లెక్క వేసింది. పదిలో రెండు పోతే ఎనిమిది. ప్రయాణానికి ఆరు పోతే ఏటి దగ్గర ఉండేది రెండు రోజులే. పిల్లలకి మూడని చెప్పేసింది.

"అక్కర్లేదు మావా. నా లెక్క తప్పదు. పద."

"లెక్క తప్పదు సరే, దారి సంగతేంటి?" అని గొణుగుతూ కొండన్న మెడ వంచి కాడి ఎత్తుకున్నాడు.

బండి బయలుదేరింది. ఎండిన కోరవాగు దాటింది. లోపల మెత్తమ్మ, పిల్లలు. కప్పు మీద చిటికి. కాసేపటికే పెద్ద బండరాయి అడ్డం వచ్చింది. చిటికి అయితే దాని మీది కొమ్మ పట్టుకుని దూకేసింది. బండి మాత్రం రాయి చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ తర్వాత ముళ్లపొద. దాని చుట్టూ తిరిగింది. మధ్యాహ్నమయ్యేసరికి కొండన్న కాడి దించి నీడలో పడుకున్నాడు.

"ఇప్పుడు పడుకుంటే ఎలా మావా?"

"రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు. నేను పగలకముందే పడుకుంటున్నాను."

మద్దితోపు చేరడానికి రెండు రోజులు పట్టింది. తోపు చల్లగా ఉంది. పిల్లలు మద్దిచెట్ల మధ్య దాగుడుమూతలు ఆడారు. చిటికి మాత్రం ఆకు తిప్పి తిప్పి చూసుకుంది.

మూడో రోజు దారికి అడ్డంగా లోతైన గండి వచ్చింది. బండి చాలా దూరం చుట్టూ తిరగాల్సి వచ్చింది.

"ఈ గండి నీ లెక్కలో ఎన్ని గంతులు?" అని అడిగాడు కొండన్న.

"ఒకటి" అంది చిటికి, చిన్నగా.

"నాకు ఒక రోజు."

నాలుగో రోజు సాయంత్రానికి వెదురుకోన చేరారు. మెత్తమ్మ పొయ్యి ముట్టిస్తూ అంది. "రావడానికి నాలుగు, పోవడానికి నాలుగు, వెరసి ఎనిమిది. నాకూ లెక్కలొచ్చులే చిటికీ."

చిటికి పొయ్యిలోకి పుల్లలు అందించింది.

ఐదో రోజు పొద్దున రెండు దారులు కనిపించాయి. ఒకటి గుట్ట చుట్టూ తిరిగి వెళ్లే బాట. రెండోది ఎండిపోయిన మరో వాగు, తిన్నగా ఏటి వైపే.

"వాగులోంచి పోదాం మావా. సగం దూరం కలిసొస్తుంది" అంది చిటికి.

"ఇసుక నిన్ను మోస్తుంది. బండిని మోయదు."

"పిల్లలకి మాటిచ్చాను మావా. ఏటి దగ్గర ఒక్క రోజైనా ఉండాలి కదా."

కొండన్న కిటికీలోంచి తొంగిచూస్తున్న మూడు జతల చెవుల్ని చూశాడు. వాగులోకి దిగాడు. ముప్పై అడుగులు వేశాడో లేదో, చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి.

కుండ దించారు. పొయ్యి దించారు. బల్లలు, తడికలు, చివరికి కప్పు కూడా దించారు. కొండన్న లాగాడు. ఆగాడు. మళ్లీ లాగాడు. బండి గట్టెక్కేసరికి పొద్దు వాలింది. మళ్లీ వెదురుకోనలోనే ఉన్నారు. దక్షిణాన ఒక మబ్బు లేచింది.

చిటికి కొమ్మ మీంచి నేల మీదికి దిగింది. కొండన్న మెడ కాడి రాపిడికి చీరుకుపోయి ఎర్రగా ఉంది.

"నా వల్లే మావా."

"మెడ మానుతుంది. నువ్వు అడగాల్సింది ఇప్పుడైనా అడుగు."

"రోజుకి ఎన్ని అడుగులు వేస్తావు?"

"ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అలిసినప్పుడు ఆగుతాను. అది రాసుకో."

చిటికి రాసుకుంది. "బండి లేకుండా అయితే?"

"గుట్ట బాటన పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఏటి దగ్గర ఉంటాను. పిల్లలు నా వీపు మీద కూర్చుంటారు. బండిని ఎవరెత్తుకుపోతారు? కదపడానికి దున్న కావాలి."

చిటికి లెక్క వేసింది. ఇంటికి నాలుగు రోజులు కావాలి. అంటే చేతిలో మిగిలింది రేపు ఒక్కటే. పొద్దున వెళ్లాలి, సాయంత్రానికి వెనక్కి రావాలి.

"పిన్నీ, మూడు రోజులు కుదరదు. ఒక్క మధ్యాహ్నమే."

"మూడని చెప్పిన నోటితోనే ఇదీ పిల్లలకి చెప్పు. నేను చెప్పను" అంది మెత్తమ్మ.

చిటికి వెళ్లి చెప్పింది. పెద్ద పిల్లలిద్దరి చెవులూ వాలిపోయాయి.

"మధ్యాహ్నమంటే నాలుగు కంటే తక్కువా?" అంది బుడిపి.

"చాలా తక్కువమ్మా. తప్పు నాది."

మర్నాడు అందరూ కొండన్న వీపెక్కారు. చిటికి ఎక్కలేదు. నేల మీద ముందు నడిచింది. ప్రతి రాయినీ, ప్రతి ముల్లునీ చూసుకుంటూ నడిచింది. మధ్యాహ్నానికి చెట్లు తొలిగాయి. ఎదురుగా ఏరు.

కొండన్న నేరుగా నీళ్లలోకి వెళ్లి మెడ దాకా మునిగాడు. పిల్లలు ఒడ్డునే నిలబడిపోయారు.

"ఇదంతా ఎవరు పోస్తున్నారు అక్కా?" అంది బుడిపి.

చిటికి ఏటి ఎగువకి చూసింది.

తర్వాత పిల్లలు కాళ్లు తడుపుకున్నారు. ఇసుకలో బొరియలు తవ్వారు. తవ్విన ప్రతి బొరియలోనూ నీళ్లు ఊరుతుంటే విరగబడి నవ్వారు. అంతలోనే నీడలు సాగాయి. కొండన్న నీళ్లలోంచి లేచాడు.

"ఇంకొక్క రోజు ఉందాం" అని పెద్దవాడు ఏడుపు మొహం పెట్టాడు.

"ఇంకొక్క రోజుంటే కోరవాగు మనల్ని ఇంటికి పోనివ్వదురా" అన్నాడు కొండన్న.

వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ అందరూ బయలుదేరారు.

పదో రోజు మధ్యాహ్నం బండి కోరవాగు దాటింది. ఆ సాయంత్రమే తొలి వాన పడింది. తెల్లారేసరికి వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది.

వానలు వెలిశాక ఒకరోజు చిటికి కొండన్న దగ్గరికి వచ్చింది. చెట్టు మీంచి కాదు, బాట వెంట నడిచి వచ్చింది.

"మావా, వచ్చే వేసవికి పిల్లల్ని మళ్లీ తీసుకెళ్లాలి. ముందు మనిద్దరం దారి చూసొద్దామా?"

"వస్తాను. నెమరు అవనీ."

"ఎంతసేపు?"

"అయ్యేదాకా."

చిటికి పక్కనే కూర్చుంది.

నీతి: దారిని గీసేవాడి గంతుతో కాదు, బరువు లాగేవాడి అడుగుతో కొలవాలి.