పెనం మీద వేగిన చిక్కుడు గింజలు

అనకాపల్లిలో కనకరత్నం అనే ఆవిడ ఉండేది. ఆమెకు మొక్కలంటే ప్రాణం, అదే మొక్క ఇంకొకరి ఇంట కనిపిస్తే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆమె పెరట్లో అమ్మమ్మ కాలంనాటి ఊదాచారల చిక్కుడు తీగ ఉండేది. ఎండకు వాడదు, చీడకు లొంగదు. అలాంటిది ఊళ్లో ఇంకెక్కడా లేదు. గింజలు ఎవరైనా అడుగుతారని కాయను ముదరనిచ్చేది కాదు. లేతగానే కోసి కూర వండేసేది. ఎవరైనా అడిగితే, "ఎండితే కదమ్మా గింజ" అనేది. ఏం తెలివో చూడండి!

మారిషస్‌లో ఉండే లీలావతితో ఆమెకు ఫోనులో స్నేహం కుదిరింది. ఆవిడదీ మొక్కల పిచ్చే. ఒకరోజు లీలావతి గాలిమొక్కలు పంపింది. మట్టి అక్కర్లేదు, గాలిలో తేమ తాగి బతికేస్తాయి. కాగితంలో పొడిగా చుట్టి పంపితే, అంత దూరం నుంచి పచ్చగా వచ్చాయి.

"మా తోటకు మీ చిక్కుడు గింజలు నాలుగు పంపు అక్కా" అని అడిగింది లీలావతి.

పక్కింటి పైడమ్మ ఫోనులో ఆ తోట చూసి, "దీని ముందు నీ పెరడు చిన్నబోయింది వదినా" అంది.

అంతే, కనకరత్నం కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఆ తోటలో తన చిక్కుడు పందిరి కూడానా? కానుక పుచ్చుకున్నాక లేదనడం కుదరదు. అందుకని కొన్ని కాయలు ఎండనిచ్చి, గింజలు ఒలిచి, రంగు మారకుండా పెనం మీద సన్నసెగన వేడి చేసింది.

"ఇక మొలవండి చూస్తాను" అంటూ మూటకట్టి పంపేసింది.

ఆ ఏడు తుఫాను వానకు పెరట్లో నీళ్లు నిలిచి, చిక్కుడు తీగ వేరు కుళ్లి చచ్చిపోయింది. ఇంట్లో ఒక్క గింజ లేదు. అమ్మమ్మ విత్తనం తనతోనే అంతరించిందని కనకరత్నం ఫోనులో భోరుమంది.

"ఏడవకు అక్కా" అంది లీలావతి. "ఎవరిచ్చిన విత్తనమైనా మా ఇంట సగం నాటి సగం దాస్తాం. నాటినవి మొలవలేదు, నా చేతి దోషం కాబోలు. దాచినవన్నీ నీకే పంపుతున్నాను."

తను పెనం మీద పెట్టిన గింజలే అవి అని తెలిసినా, కనకరత్నం పాదు తవ్వి ఉంచింది.

గింజలు వచ్చాయి. ఒక్కటైనా సెగ తప్పించుకోకపోతుందా అని అన్నీ నాటింది. రోజూ నీళ్లు పోసింది. ఏదీ మొలవలేదు. పైన వేలాడుతున్న గాలిమొక్క మాత్రం ఎర్రగా పూసింది.

"ఏం వదినా, అంత గట్టి విత్తనం, ఎందుకు మొలవలేదు?" అని అడిగింది పైడమ్మ.

కనకరత్నం తేలు కుట్టిన దొంగలా లోపలికి జారుకుంది.

నీతి: ఎదుటివారి ఇంట మొలవకూడదని విత్తనాన్ని చంపితే, మన ఇంట కూడా అది మొలవదు.